పక్కింటి అప్పు

"మీకేం సార్, వాన పడినా పడకున్నా
ఒకటో తేదీ పడతాది."
బంగారుపాళెం టీ అంగట్లో చెంగల్రాయుడు
ఏడాదికి నాలుగుసార్లయినా ఈ మాట వడ్డిస్తాడు.
బయట తోతాపురి ట్రాక్టర్లు
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి పెట్రోలు బంకు దాకా
రెండో రోజూ కదల్లేదు.
అడుగున కాయ చెమర్చి, తీపి పులిసిన వాసన.
ఏం చెప్పను?
ఆయన కాయ కుళ్లిపోతా ఉంటే
నాకు రావాల్సిన డీఏ గురించి నోరు తెరిస్తే బాగుండదు.
టీ డబ్బులు నేనే ఇచ్చేస్తాను.

ఇరవై ఆరేండ్ల సర్వీసు.
ఇంటి లోను పోను మిగిలేది మిగులుతుంది.
తక్కువేం కాదు.
ఎక్కువా అంటే,
ఆ లెక్క రాత్రిపూట వేస్తాను, తెల్లారి కొట్టేస్తాను.

కానీ మా బళ్లో మొగిలీశ్వరి ఉంది.
పోస్టు ఖాళీ అని కాగితాల్లో ఉంటుంది.
ఆ ఖాళీలో పొద్దున తొమ్మిదికి వచ్చి నిలబడే మనిషి.
చిత్తూరులో ఏడున్నర బస్సు,
దిగినాక కిలోమీటరున్నర నడక.
ఎండాకాలం సెలవులకు జీతం లేదు.
మిగతాది మూడు నెలలకోసారి,
అదీ బడ్జెట్ వస్తే.
సుద్దముక్క మాత్రం
ఇద్దరికీ ఒకే డబ్బాలోది.

ఒకరోజు వసారాలో పోతా పోతా విన్నాను.
"నాలుగులో తొమ్మిది పోతాదా?"
"పోదు మేడమ్!"
"అప్పుడేం జెయ్యాల?"
"పక్కింట్లో అప్పు అడగాల!"
"ఇస్తాదా పక్కింటామె?"
"ఇస్తాది! ఇచ్చి ఒకటి తగ్గిపోతాది!"
పిల్లలు నవ్వారు. ఆమే నవ్వింది.
నేను నవ్వలేదు.
పోయిన వారమే నన్ను రెండువేలు అడిగింది.
పక్కిల్లు నేనే.
నాకేం తగ్గలేదు.

మొన్న శనివారం
చెంగల్రాయుడి కూతురు గంగోత్రి, ఐదో తరగతి,
ట్రాక్టరు మీద నాయన పక్కన కూర్చుని
కాటా చీటీ చదివిందంట.
కాయతో బండి ఐదువేల ఎనిమిది వందల నలభై.
ఉత్త బండి రెండువేల నూట తొంభై.
మిగిలింది మూడువేల నాలుగు వందల యాభై అని రాసుంది.
పిల్ల అరచేతి మీద పెన్నుతో వేసి చూసి,
"పక్కింట్లో ఒకటే అడగాల నాయినా,
వీళ్లు మూడు లాక్కున్నారు" అనిందంట.
రెండు వందల కిలోలు.
కిలో ఎనిమిది లెక్కన పదహారు వందలు.
గుమాస్తా కండ్లద్దాలు తుడుచుకుని
ఇంకో చీటీ రాసిచ్చాడు.

సోమవారం బుట్టెడు కాయలు
నా టేబుల్ మీద దించాడు చెంగల్రాయుడు.
"అంతా మీ చలవ సార్."
"లెక్కలు ఆయమ్మవి. ఆమెకు ఇయ్యి."
వసారా చివర ఆమె గది వైపు చూసి
గొంతు తగ్గించి అడిగాడు:
"ఆమె కూడా గవర్నమెంటేనా సార్?"
అవునంటే అబద్ధం.
కాదంటే, మరి ఈ పదహారు వందలు ఎవరివి?
బుట్ట సాయంత్రం దాకా
రెండు గదుల మధ్య గడప దగ్గరే ఉండిపోయింది.
ఆమె నాలుగు కాయలు సంచిలో వేసుకుంది.
చాలు సార్, బస్సులో బరువు అనింది.

హాజరు పట్టీ రాసేది నేను.
ఒకటో తేదీ, ఫోనులో జీతం మోగినాక,
కొత్త పేజీలో స్కేలు పెట్టి
ఎర్ర ఇంకుతో ఒక గీత గీస్తాను.
గీతకు పైన మా పేర్లు. కింద ఆమెది.
గీయమని ఎవరు చెప్పారో తెలియదు.
నాకు ముందున్న హెడ్మాస్టరూ గీశాడు,
ఆయనకు ముందున్నాయనా గీసుంటాడు.

ఈ నెల పేజీలో ఇంకా గీత పడలేదు.
స్కేలు కనపడ్డం లేదని
అందరితో చెప్పాను.
అది నా సొరుగులోనే ఉంది.